కాబోయే నాన్న, ఇంట్లో పిల్లి, బల్ల మీద కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షికంతా కాబోయే నాన్నలదే. ఉత్తరాలు వేరైనా ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి: కడుపుతో ఉన్న భార్య, మంచం కింద పిల్లి, బల్ల మీద కంప్యూటర్. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒకే ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: నా భార్యకి మూడో నెల. ఇంట్లో రెండు పిల్లులున్నాయి. వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. పిల్లులు విసర్జన చేసే లిట్టర్ ట్రే పని పూర్తిగా నేనే తీసుకున్నాను, వారానికి రెండుసార్లు మారుస్తున్నాను. ఇది సరిపోతుందా?

జవాబు: పిల్లుల్ని ఇచ్చెయ్యక్కర్లేదు. కానీ వారానికి రెండుసార్లు అన్నారు చూడండి, తేడా వచ్చేది అక్కడే.

అందరూ భయపడేది టాక్సోప్లాస్మా గాండీ అనే సూక్ష్మజీవికి. ఎలుకనో పిట్టనో పట్టి తిన్నప్పుడు, పచ్చి మాంసం తిన్నప్పుడు ఇది పిల్లికి సోకుతుంది. తొలిసారి సోకాక సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో దీని గుడ్లలాంటి రూపాలు బయటికొస్తాయి. ఆ తర్వాత చాలా పిల్లుల్లో మళ్లీ రావు. బయటపడిన వెంటనే అవి ఎవరికీ అంటుకోవు. అంటుకునే స్థితికి రావాలంటే కనీసం ఒక రోజు, ఒక్కోసారి అయిదు రోజులు పడుతుంది. మలాన్ని 24 గంటల్లోపే తీసేస్తే ఆ గొలుసు అక్కడితో తెగిపోతుంది. మీలా మూడున్నర రోజులకోసారి తీస్తే అవి ముదరడానికి కావలసినంత సమయం మీరే ఇచ్చినట్టు. రోజుకి ఒకసారి తప్పనిసరి, రెండుసార్లయితే మరీ మంచిది.

పద్ధతి ఇది. చేతికి తొడుగు వేసుకోండి. గరిటెతో నెమ్మదిగా ఎత్తండి. ట్రేని కుదిపితే దుమ్ము లేస్తుంది. తీసినదాన్ని సంచిలో వేసి మూతి కట్టి అప్పటికప్పుడే బయట పారెయ్యండి. వారానికోసారి ట్రే ఖాళీ చేసి, సలసల కాగే నీళ్లు నిండా పోసి పది నిమిషాలు వదిలెయ్యండి. బ్లీచింగ్ ఈ గుడ్ల పైపొరని ఏమీ చెయ్యలేదు, వేడి మాత్రమే పనిచేస్తుంది. ఫినాయిల్ జోలికి అసలు పోవద్దు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, ట్రేలో నిలబడి పాదాలు నాక్కుంటే అది నేరుగా కడుపులోకే పోతుంది. చివర్లో సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి. పని మధ్యలో ఫోన్ మోగితే తొడుగుతోనే తియ్యడం, తర్వాత అదే ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టడం, ఇదీ మగవాళ్లు చేసే పొరపాటు. ఫోన్ బయట పెట్టి లోపలికెళ్లండి.

పిల్లిని నిమిరితే భయం లేదు. అది రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది కాబట్టి ఆ గుడ్లు బొచ్చులో ముదిరేదాకా నిలవడం అరుదు. పిల్లి కంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సినవి సరిగ్గా ఉడకని మాంసం, సరిగ్గా కడగని కూరగాయలు, తోట మట్టి. ఇంట్లో ముద్దు చేసే పిల్లిని పంపించేసి, చేతులకి తొడుగు లేకుండా కుండీల్లో మట్టి తవ్వితే ప్రయోజనం ఏమిటి? మీ పిల్లులు బయట వేటాడకుండా, పచ్చి మాంసం తినకుండా చూడండి. ఈ తొమ్మిది నెలల్లో కొత్తగా పిల్లి పిల్లని మాత్రం తేవద్దు, తొలి సోకుడు ఎక్కువగా వాటిలోనే.

డాక్టర్ని అడిగితే మీ భార్యకి రక్తపరీక్ష రాస్తారు. గర్భం రాకముందే ఇది సోకి రోగనిరోధక శక్తి వచ్చేసి ఉంటే బిడ్డకి ప్రమాదం దాదాపు లేనట్టే. పిల్లికి పరీక్ష చేయించి లాభం తక్కువ. రక్తంలో యాంటీబాడీలు కనిపించేసరికి అది గుడ్లు విడిచే దశ చాలా వరకు అయిపోయి ఉంటుంది.

ప్రశ్న: మా పడకగదిలోనే వైఫై రూటర్ ఉంది. తీసెయ్యాలా? మా ఆవిడ ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుని సినిమాలు చూస్తుంది, అది?

జవాబు: రూటర్ ఉన్నచోటే ఉండనివ్వండి. దాని తరంగాలు ఎక్స్‌రే జాతివి కావు, కణాల్లోని డీఎన్ఏని తెంచేంత శక్తి వాటికి లేదు. ల్యాప్‌టాప్ విషయంలో చూసుకోవలసింది రేడియేషన్ కాదు, అడుగు నుంచి వచ్చే వేడి, పైన పడే బరువు. మంచం మీద వాడే చిన్న బల్ల ఒకటి కొనండి. ఒళ్లో పెట్టుకునే అలవాటు మీకూ ఉంటే మానెయ్యండి. వృషణాల దగ్గర వేడి పెరిగితే వీర్యకణాల మీద ప్రభావం ఉంటుంది. ఈ బిడ్డ విషయంలో ఆ దశ ఎలాగూ దాటిపోయారు, రెండో బిడ్డ ఆలోచన ఉంటే పనికొస్తుంది.

ప్రశ్న: డెస్క్‌టాప్ గేమ్ మొదలెట్టిన పావుగంటకే ఆగిపోతోంది. లోపలంతా పిల్లి బొచ్చే. కంప్యూటర్ ఉన్న గదినే పాప గది చేయబోతున్నాం. అదే బల్ల మీద కీబోర్డులకి సోల్డరింగ్ కూడా చేస్తుంటాను. ఏది ముందు చెయ్యాలి?

జవాబు: మొదట శుభ్రం. తర్వాత సోల్డరింగ్ బల్లని ఆ గదిలోంచి శాశ్వతంగా బయటికి పంపడం.

షట్‌డౌన్ చేసి, వెనకాల పవర్ సప్లై స్విచ్ ఆపి, ప్లగ్ పీకండి. ఆ తర్వాత ముందున్న పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు దిగిపోతుంది. పెట్టెని ఆరుబయటికి తీసుకెళ్లండి. ఆ దుమ్ము అదే గదిలో ఎగిరితే రెండు రోజుల్లో మళ్లీ లోపలికే చేరుతుంది. ఏదైనా ముట్టుకునే ముందు పెట్టె లోహాన్ని ఓసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తు పోతుంది.

ముందువైపు ఫిల్టర్‌తో మొదలెట్టండి. పిల్లులున్న ఇంట్లో ఇది జాలీలా ఉండదు, దుప్పటిలా ఉంటుంది. పీకి నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. అసలు దోషి మాత్రం ప్రాసెసర్ మీద ఉండి దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ, హీట్‌సింక్. ఫ్యాన్‌కీ లోహపు రేకులకీ మధ్య బొచ్చు, దుమ్ము కలిసి ఉన్ని చాపలా గట్టిపడి గాలికి దారి లేకుండా చేస్తాయి. బయటి నుంచి గాలి కొడితే అది రేకుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. అందుకని ముందు ఫ్యాన్ క్లిప్పులు తీసి, పట్టకారుతో ఆ పొరని ఒక్క ముక్కగా లాగెయ్యండి. ఆ తర్వాతే రెండో వైపు నుంచి గాలి కొట్టండి. గాలి డబ్బాని నిటారుగా పట్టుకుని ఒకటి రెండు సెకన్ల చొప్పున కొట్టండి. వంచితే లోపలి ద్రవం గడ్డకట్టేంత చల్లగా బోర్డు మీద పడుతుంది. గాలి కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాన్ రెక్కనీ వేలితో ఆపి ఉంచండి. గాలి తోపుకి అది హద్దు మీరి తిరిగితే బేరింగ్ పాడవుతుంది, పైగా తిరిగే ఫ్యాన్ మోటారు జెనరేటర్‌లా వెనక్కి కరెంటు పంపుతుంది. పవర్ సప్లైని మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా అందులోని కెపాసిటర్లు షాక్ కొట్టగలవు. బయటి జాలీ నుంచి గాలి కొడితే చాలు.

హీట్‌సింక్ కూడా ఊడదీస్తే, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య వేడిని చేరవేసే పాత పేస్ట్‌ని 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టండి. ఊడదీసే ముందు కంప్యూటర్‌ని కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ మెలిపెట్టి తియ్యండి. చల్లటి పేస్ట్ జిగురులా పట్టేసి ఉంటుంది, నిట్టనిలువునా లాగితే కొన్ని సాకెట్లలోంచి ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, దాని పిన్నులు వంగుతాయి.

మళ్లీ ఈ గతి పట్టకుండా ఉండాలంటే పెట్టెని నేల మీంచి ఓ అడుగైనా ఎత్తుకి చేర్చండి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు, బయటికి తోసే వాటికంటే ఎక్కువ ఉండాలి. అప్పుడు గాలి ఫిల్టర్ గుండా వచ్చి సందుల్లోంచి బయటికి పోతుంది. తక్కువుంటే ప్రతి సందూ బొచ్చు పీల్చుకునే నోరే. లిట్టర్ ట్రే అదే గదిలో ఉంటే ఎంత తుడిచినా వృథా, బంకమట్టి లిట్టర్ నుంచి లేచే సన్నటి దుమ్ము బొచ్చుని అంటించే జిగురులా పనిచేస్తుంది.

ఇక సోల్డరింగ్. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న తీగ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పొగలో కనిపించేది చాలా వరకు ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి తీగలో ఉండే పదార్థం), సీసం కాదు. ఆ ఫ్లక్స్ కూడా ఊపిరితిత్తులకి మంచిది కాదనుకోండి. సీసం మాత్రం మీ వేళ్ల మీద, బల్ల మీద, చొక్కా చేతుల మీద ఉంటుంది. అక్కడి నుంచి నోట్లోకి పోతుంది. తల్లి రక్తంలో చేరిన సీసం మాయని (ప్లాసెంటాని) దాటి బిడ్డకి చేరుతుంది. పుట్టాక పాకే వయసులో నేల మీద దొరికిందల్లా పాప నోట్లోకే. కాబట్టి పని వేరే గదికి మార్చండి, సీసం లేని తీగకి మారండి (అది 217 నుంచి 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సోల్డరింగ్ ఐరన్ కాస్త ఎక్కువ వేడి పెట్టాలి). పాత బల్లని, నేలని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి. పని అయ్యాక చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకునే భార్య దగ్గరికి వెళ్లండి.

ఇంకొక్కటి. మదర్‌బోర్డు మీది నాణెం సెల్ మార్చితే పాతదానికి రెండు వైపులా టేపు అంటించి అప్పుడే పారెయ్యండి. 20 మిల్లీమీటర్ల ఈ సెల్ పసివాళ్ల ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోతుగా కాల్చెయ్యగలదు. పిల్లిని ఆడించే లేజర్ లైటులోనూ చిన్న సెల్సే ఉంటాయి, దాని మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి.

ప్రశ్న: చివరి నెలసరి మార్చి 10న. నేను స్ప్రెడ్‌షీట్‌లో 280 రోజులు కలిపితే డిసెంబర్ 15 వచ్చింది. డాక్టర్ 17 రాశారు. ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ కాదు. డాక్టర్ నేగెలె సూత్రం వాడి ఉంటారు: నెలసరి మొదటి రోజుకి తొమ్మిది నెలలు, ఆపైన ఏడు రోజులు. మార్చి 10 నుంచి డిసెంబర్ 10, దాని మీద ఏడు, 17. నెలలన్నీ ఒకే పొడవు కావు కాబట్టి ఈ లెక్క ఒక్కోసారి 280 దాటి రెండు మూడు రోజులు జరుగుతుంది. రెండు రోజుల తేడాకి ఎవరూ తల పట్టుకోనక్కర్లేదు, అసలు ఆ తేదీ నాడే పుట్టేది వందలో నలుగురో అయిదుగురో. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీకి, నెలసరి తేదీకి వారం కంటే ఎక్కువ తేడా వస్తే స్కాన్‌దే ఖాయం చేస్తారు. మీ షీట్‌లో కూడా అప్పుడు అదే రాసుకోండి.

ప్రశ్న: నొప్పుల లెక్కకి షీట్ తయారుచేశాను: ఒక వరసలో మొదలు, ఒక వరసలో చివర. పరీక్షగా అంకెలు వేస్తే అర్ధరాత్రి దాటగానే గళ్లన్నీ హ్యాష్ గుర్తులైపోతున్నాయి.

జవాబు: 23:58లోంచి 00:03కి వెళ్లేసరికి తీసివేత మైనస్‌లోకి పోతోంది, షీట్‌కి మైనస్ సమయం చూపించడం రాదు. తీసివేతని, భాగిస్తే మిగిలే శేషాన్నిచ్చే మాడ్ (MOD) ఫంక్షన్‌లో పెట్టి భాజకం 1 ఇవ్వండి, సరిపోతుంది. లేదంటే ప్రతి గడిలోనూ తేదీ, సమయం కలిపి రాయండి. కంట్రోల్, షిఫ్ట్, సెమికోలన్ కలిపి నొక్కితే సమయం పడుతుందని మురిసిపోకండి, ఎక్సెల్‌లో అది సెకన్లు వెయ్యదు. 40 సెకన్ల నొప్పి ఒక నిమిషంగానో సున్నాగానో కనిపిస్తుంది.

షీట్ కంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంటుంది. నొప్పుల మధ్య ఎడం అంటే ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా. చాలామంది నొప్పి తగ్గినప్పటి నుంచి లెక్కపెడతారు. అలా నాలుగు నిమిషాలని మీరు రాసుకున్నది, నిమిషం నొప్పిని కలుపుకుంటే నిజానికి అయిదు. తొలి కాన్పులో సాధారణంగా చెప్పే గుర్తు: అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరాలి. రెండో కాన్పయినా, ఆసుపత్రి దూరమైనా ఇంకా ముందే. మీ డాక్టర్ చెప్పిన అంకె ఏదైతే అదే షీట్ పైన పెద్దక్షరాల్లో రాయండి. నడిచినా, పక్కకి తిరిగినా నొప్పి తగ్గిపోతుంటే అవి ఉత్తుత్తి నొప్పులు కావచ్చు.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా లెక్కలు ఆపి వెంటనే వెళ్లాలి. 37 వారాలు నిండకముందే నొప్పులు వరసగా వస్తుంటే కూడా అంతే. నిజం చెప్పాలంటే ఆ రాత్రికి కాగితం, పెన్ను, సెకన్ల ముల్లున్న గడియారం మీ షీట్ కంటే నయం. ఒక చేతిని ఆవిడ పట్టుకుని ఉంటుంది, ఇంకో చేత్తో టైపు చెయ్యడం కష్టం.

ప్రశ్న: పాప కోసం తెచ్చిన తొట్టి మంచంలో పిల్లి కాపురం పెట్టేసింది. దించితే మళ్లీ ఎక్కుతోంది. పసిపాప ఊపిరి పీల్చేస్తుందంటారు, నిజమేనా?

జవాబు: ఊపిరి పీల్చదు, అది వట్టి మాట. కానీ వెచ్చగా ఉన్నచోట పిల్లి ముడుచుకుని పడుకుంటుంది, అప్పుడే పుట్టిన బిడ్డ దాన్ని తోసెయ్యలేదు, మొహం తిప్పుకోలేదు. నాలుగు కిలోల పిల్లి మొహం పక్కన చేరితే అదే ప్రమాదం. అందుకని నిద్రపోయే బిడ్డ, పిల్లి ఒకే గదిలో ఒంటరిగా ఉండకూడదు.

పరుపు కొలతకి అట్ట కత్తిరించి, దాని మీద రెండు వైపులా అంటుకునే టేపు చారలుగా వేసి తొట్టిలో పరవండి. పాదాలకి జిగురు తగలడం పిల్లికి గిట్టదు. నాలుగైదు సార్లు ఎక్కి దిగాక చాలా పిల్లులు మానేస్తాయి. పాప రాకముందే అట్ట తీసెయ్యడం మర్చిపోవద్దు. తొట్టి మీద వల కప్పొద్దు, పిల్లి దూకితే వల కిందికి జారుతుంది, పాప చేతులూ మెడా చిక్కుకునే వీలుంది. గదికి జాలీ తలుపు పెట్టించుకోవడం మేలు, పిల్లికి లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, మూసిన తలుపు ముందు అరిచే గొడవ తగ్గుతుంది.

వద్దన్నచోటుకి బదులు ఒక చోటు చూపించాలి. పిల్లికి హాయిగా ఉండే వేడి 30 నుంచి 38 డిగ్రీలు, మన ల్యాప్‌టాప్ మీదికి ఎక్కేదీ అందుకే. పక్క గదిలో ఎత్తుగా, కిటికీ ఎండ తగిలేచోట మెత్తటి పక్క వెయ్యండి.

లిట్టర్ ట్రే చోటు మార్చాలంటే ఇప్పుడే మొదలెట్టి రోజుకో అడుగు చొప్పున జరపండి. ఒక్కసారిగా జరిపితే పాత చోటే తడిపేస్తుంది. పసిపిల్లల ఏడుపు రికార్డింగ్ చాలా తక్కువ శబ్దంతో రోజూ అయిదు నిమిషాలు వినిపిస్తూ ఇష్టమైన తిండి పెట్టండి. చెవులు వెనక్కి అణిచిందా, తోక విసురుతోందా, శబ్దం తగ్గించి ఒక రోజు వెనక్కి వెళ్లండి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ ఒక్క చుక్కా పొయ్యకపోతే అలక అనుకోకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, అదే రోజు పశువైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: పాప గదిలో వైఫై కెమెరా పెడదామనుకుంటున్నాను. ఎవరైనా చొరబడతారేమోనని భయం.

జవాబు: చొరబాట్లలో చాలా వరకు ఊహకందే పాస్‌వర్డ్ వల్లో, వేరేచోట లీకైన పాస్‌వర్డ్‌నే ఇక్కడా వాడటం వల్లో జరుగుతాయి. పెట్టెలోంచి తియ్యగానే పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల లాగిన్ పెట్టండి, కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) తాజా చెయ్యండి. రూటర్‌లో, పరికరాలు అడగ్గానే బయటికి దారి తెరిచే యూపీఎన్‌పీ (UPnP) అనే సెట్టింగ్ ఆపేసి కెమెరాని గెస్ట్ నెట్‌వర్క్‌లో వేరుగా ఉంచండి. అప్పుడు కెమెరా చేజారినా మీ కంప్యూటర్ దాకా రాలేరు. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తాయి, కలవకపోతే ముందు అది చూడండి.

హ్యాకర్ కంటే కేబుల్‌కి ఎక్కువ భయపడాలి. కెమెరా గానీ దాని తీగ గానీ తొట్టికి ఒక మీటరు లోపు ఉండకూడదు, పాప లాక్కుంటే మెడకి చుట్టుకుంటుంది. పిల్లి కొరక్కుండా తీగని గట్టి ప్లాస్టిక్ పైపులో గోడ వెంట బిగించండి. మెయిన్స్ తీగ కొరికిన పిల్లి మామూలుగా కనిపించినా డాక్టర్‌కి చూపించండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. పాత ఫోన్‌ని కెమెరాగా వాడి రాత్రింబవళ్లు చార్జింగ్‌లో ఉంచే ఆలోచన ఉంటే మానుకోండి, బ్యాటరీ ఉబ్బుతుంది.

ప్రశ్న: పిల్లి ఒళ్లు వేడిగా ఉంది, తినడం లేదు. మా ఆవిడకి డాక్టర్ రాసిన పారాసెటమాల్‌లో సగం ముక్క ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. పావు ముక్క కూడా వద్దు. ఫినాయిల్ దగ్గర చెప్పిన కారణమే, పిల్లి కాలేయం దీన్ని విరవలేదు. కిలో బరువుకి పది మిల్లీగ్రాములకే విషమెక్కిన సందర్భాలున్నాయి. 500 మాత్రలో సగం నాలుగు కిలోల పిల్లికి ఇస్తే కిలోకి 62 పైనే. చిగుళ్లు గోధుమరంగుకి తిరగడం, మొహం, పాదాలు వాయడం, ఆయాసం కనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా తీసుకెళ్లండి, విరుగుడు ఉంది కానీ త్వరగా పడాలి. పైగా పిల్లికి 38 నుంచి 39.2 డిగ్రీలు మామూలే, మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. థర్మామీటర్ పెట్టి చూడండి. తినడం మానేసి ఒక రోజు దాటితే జ్వరం లేకపోయినా చూపించాలి.

పాప పుట్టాక చూడ్డానికి వచ్చేవాళ్లు పూలగుత్తులు తెస్తారు. అందులో లిల్లీలుంటే గుమ్మం దగ్గరే తీసెయ్యండి. పుప్పొడి నాకినా, కుండీలో నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు రెండు మూడు రోజుల్లో దెబ్బతింటాయి.